కనబడినదెల్ల నిజముగాదు

2024వ సంవత్సరారంభమున హాంకాంగునందలి అరప్ ఇంజనీరింగు సంస్థ ఉద్యోగి యొకరు, రహస్యముగా ధనము పంపుమను లేఖను మొదట శంకించిరి. పిదప వీడియో సమావేశమున తమ ఆర్థికాధికారిని, సహోద్యోగులను కన్నులార జూచి, నమ్మి, 15 దఫాలుగా సుమారు 20 కోట్ల హాంకాంగు డాలర్లు పంపివేసిరి. ఆ ముఖములు, ఆ కంఠములు కృత్రిమ మేధ కల్పించిన మాయయే!

కావున, రక్షణ యంత్రములను గొన్నంతమాత్రమున మన వర్తకసంస్థలకు క్షేమము కలుగదు. ధనాజ్ఞ యెవరినుండి వచ్చినను, పూర్వమెరిగిన టెలిఫోను సంఖ్యకు తామే పిలిచి విచారింపవలెను. పెద్దమొత్తములకు ఇరువురి సమ్మతి యుండవలెను. కాని, యజమాని యాజ్ఞను శంకించి జాగుచేసిన గుమాస్తాను దండించుచోట ఈ నిబంధనలన్నియు నిష్ఫలములే. విధేయత నొక్కదానినే నేర్పిన కార్యాలయము మోసగానికి తెరచిన ద్వారము. సందేహించువానిని గౌరవించుటయే మొదటి కవచమని మా యభిప్రాయము.