సగటు లెక్కయు, ఆల్చిప్ప ప్రాణమును

నశించిన ఆల్చిప్పల సంతతిని తీరమందు మరల నెలకొల్పదలచినప్పుడు, ఏ తావు దానికి తగునో, ఏ తావు తగదో ముందుగా నిర్ణయించి పటము గీయుట నేటి శాస్త్రజ్ఞుల పరిపాటి. నీటి లవణీయత యెంత, లోతెంత, ప్రాణవాయువు చాలునా, అడుగున గట్టినేల కలదా, బురద కలదా అని విచారించి, ఒక్కొక్క గుణమునకు సున్న మొదలు ఒకటి వరకు విలువ కట్టి, వానినెల్ల కూర్చి ఒక సూచికను తయారు చేయుదురు. ఈ పద్ధతిని నేను తప్పుపట్టను. గుల్లలను కన్నులు మూసికొని సముద్రమున కుమ్మరించుటకంటె ఇది ఎంతయో మేలు. నా ఆక్షేపణ మెల్ల ఆ లెక్కలో దూరు సగటును గూర్చియే.

ఆల్చిప్ప డింభకదశలో రెండు మూడు వారములు నీటివాలున కొట్టుకొనిపోవును. పిదప గట్టి యాధారము, విశేషించి తనజాతి పాతగుల్ల, దొరికెనేని దాని నంటుకొని, ఇక జీవితాంతము కదలదు. ఉప్పు తగ్గిన చోటు విడిచి చేప పాఱిపోవును. దీని కా యుపాయము లేదు. నీరు చప్పబడినచో రెండు చిప్పలను బిగించుకొని మంచి నీటికై, అనగా ఉప్పునీటికై, వేచియుండును. చలికాలమున ఆ యోరిమి చాలదినములు సాగును. ఎండకాలమున దేహము ప్రాణవాయువు నెక్కువగా కోరును గనుక త్వరలోనే తీరిపోవును. కావున ఉప్పెంత తగ్గెనను ప్రశ్నకు, ఏ మాసమున, ఎన్నినాళ్లు అను ప్రశ్నలను జోడింపవలెను.

అమెరికాలో మిసిసిపి నదికి 1927లో వచ్చిన మహావరద పిమ్మట, న్యూ ఆర్లియన్స్ నగరరక్షణకై 1931లో వరదనీటిని మళ్లించు బోనీ కేరీ స్పిల్‌వే నిర్మింపబడినది. అంతవరకు ఏ సంవత్సరమునను రెండుమార్లు తెరువని ఆ తలుపులను 2019లో రెండుమార్లు తెరచి, మొత్తము 123 దినములు నదీజలమును వదలిరి. రెండవ తెఱపు మే నెలలో మొదలై జూలై కడవరకు, అనగా నడివేసవిలో, సాగినది. ఆ నీరు పాంచర్‌ట్రేన్ సరస్సు మీదుగా మిసిసిపి సౌండ్ అను సముద్రపాయను చేరగా, దాని పడమటి భాగమున నూటికి తొంబదికి మించిన ఆల్చిప్పలు చచ్చినవి. అవి తరతరములుగా పేరుగన్న గుల్లపాదులు. ఏండ్ల సగటును చూచు పటమేదియు వానిని తగనివని చెప్పి యుండదు. అట్లని వరదనీటి నంతటిని శత్రువనరాదు. ఉప్పు మిక్కిలి హెచ్చినచో గుల్లకు తూట్లు పొడిచి తిను నత్తలును, రోగములును ప్రబలును.

కాకినాడ అఖాతమునకు ఈ సూచికలను తెచ్చుకొనువారు మఱియొక సంగతి గమనింపవలెను. అచ్చట ఎఱ్ఱని నెత్తురుగల గుల్లజాతికి బురదయే పుట్టినిల్లు. గట్టినేలను కోరు ఆల్చిప్పకై వ్రాసిన పట్టిక ఆ బురదకు సున్న వేయును. పైగా గోదావరి వరద ఏటేట వచ్చును. పటమునకు రంగులు వేయుటకు ముందు, ఉప్పును కొలుచు పరికరము ఒక వరదకాల మంతయు ఆ నీట నుండవలెను. 1986 ఆగస్టు వరదకు ఏ మిట్టమీది గుల్ల చచ్చెనో, ఏ మిట్టమీది గుల్ల నిలిచెనో, గంపతో ఆ బురదలో దిగిన ముసలమ్మల నడుగవలెను.