ఇది ఎందుకిలా ఉంది?

మన హాస్టల్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా మొదట వినబడే ప్రశ్న "ఎంతకు కొన్నావు?". ఆ తర్వాతది "ఎక్కడ కొన్నావు?". "ఇది ఎందుకిలా ఉంది? లోపల ఏముంది?" అని అడిగేవాళ్లు మాత్రం చాలా తక్కువ. అలా అడిగేవాళ్లను ఇంగ్లీషులో 'గీక్' అంటారు. మన దగ్గర 'కెలుకుడు గాడు' అంటారు. పేరు ఏదైనా మేము ఆ గుంపులో వాళ్లమే. పీజీకి వచ్చినా మా అలవాటు మారలేదు. మూలన పడ్డ రేడియో కనబడితే చాలు, మా కళ్లు స్క్రూడ్రైవర్ కోసం వెతుకుతాయి.

వస్తువుల పిచ్చి అనగానే డబ్బున్నవాళ్ల సరదా అనుకుంటాం. కాస్మోటిక్ చార్జీలు ఎప్పుడు పడతాయా అని ఎదురుచూసే మనకు ఈ సోకు ఎందుకని అడిగే మిత్రులూ ఉన్నారు. వారికి మా జవాబు ఒక్కటే. ఈ సరదాకు కొనాల్సిన పని లేదు, చూస్తే చాలు. మనం రోజూ వాడే వస్తువుల్లోనే చూడాల్సింది బోలెడంత ఉంది.

జేబులో ఉన్న బాల్‌పెన్నునే తీసుకుందాం. దాని మొనలో ఒక చిన్న గుండు ఉంటుంది. కాగితం మీద అది దొర్లినప్పుడల్లా సిరాను కొద్దికొద్దిగా బయటికి తెస్తుంది. రాయనప్పుడు అదే గుండు సిరాకు అడ్డంగా నిలబడుతుంది. తలుపూ అదే, తలుపు తీసే మనిషీ అదే! హంగరీకి చెందిన లాస్లో బీరో అనే పత్రికా రచయిత 1938లో ఇలాంటి పెన్నుకు పేటెంటు తీసుకున్నాడు. 1950లో ఫ్రాన్స్‌లో వచ్చిన బిక్ క్రిస్టల్ దాన్ని సామాన్యుడి జేబులోకి చేర్చింది. ఆ పెన్నుకు ఆరు పలకలు ఎందుకు? బల్ల మీద పెడితే దొర్లిపోకుండా. పక్కన సన్నని చిల్లు ఎందుకు? సిరా తగ్గేకొద్దీ ఆ జాగాలోకి గాలి వెళ్లి లోపలి ఒత్తిడీ బయటి ఒత్తిడీ సమానం కావడానికి. మూత చివర చిల్లు ఎందుకు? చిన్నపిల్లలు మింగితే, అది గొంతులో ఇరుక్కున్నా కాస్త ఊపిరి ఆడడానికి. పరీక్ష హాల్లో మనం నమిలి పారేసే మూతలో ఒక పసిప్రాణం గురించిన ఆలోచన దాగి ఉందన్నమాట.

చేతికి పెట్టుకునే కేసియో ఎఫ్-91డబ్ల్యు గడియారం 1989 నాటిది. ఒక్క బ్యాటరీతో సుమారు ఏడేళ్లు నడుస్తుందని కంపెనీ చెబుతుంది. కుడివైపు బటన్‌ను మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే తెర మీద కంపెనీ పేరు ప్రత్యక్షమవుతుంది. రాకపోతే అది నకిలీదేమోనని అనుమానించాల్సిందే. ఈ రహస్యం తెలిసిన రోజున రూములో ఉన్న గడియారాలన్నింటినీ వరుసగా పరీక్షించాం. ఎన్ని నకిలీవో చెప్పి ఎవరి పరువూ తీయదలచుకోలేదు.

రాత్రి పూట దోమల బ్యాటు అందరి చేతుల్లో ఆడుతుంది. టపటపమని శబ్దం రాగానే అందరికీ ఆనందం. కానీ ఆ శబ్దం ఎక్కడిది? బ్యాటరీ ఇచ్చేది కొద్ది వోల్టులే. లోపలున్న చిన్న సర్క్యూటు దాన్ని వెయ్యి వోల్టులకు పైగా పెంచి కెపాసిటర్‌లో నిల్వ చేస్తుంది. బయటి జాలీలకూ మధ్య జాలీకీ నడుమ ఖాళీ ఉంటుంది. దోమ వచ్చి ఆ ఖాళీలో దూరగానే దారి దొరికిన విద్యుత్తు ఒక్క గెంతు గెంతుతుంది. ఆ గెంతుకే నిప్పురవ్వ, ఆ రవ్వకే శబ్దం. బటన్ వదిలాక కూడా కెపాసిటర్‌లో కొంతసేపు శక్తి మిగిలి ఉండవచ్చు. తమ్ముళ్లూ, జాలీ మీద వేలు పెట్టే ముందు ఇది గుర్తుంచుకోండి.

అమ్మాయిల హాస్టళ్లలో కుట్టు మిషన్ తెలియని వారుండరు. చేతి సూదికి దారం ఎక్కించే బెజ్జం మొనకు వ్యతిరేక దిక్కున ఉంటుంది. మిషన్ సూదికి మొన దగ్గరే ఉంటుంది. ఎందుకు? చేతితో కుట్టేటప్పుడు సూది మొత్తం గుడ్డలోంచి అవతలికి పోతుంది. మిషన్ సూది మొనతో సహా దారాన్ని కిందికి దించి, అక్కడ బాబిన్ దారంతో ముడివేయించి, తిరిగి పైకి వస్తుంది. అమెరికాలో ఎలియాస్ హోవ్ 1846లో పేటెంటు పొందిన యంత్రంలోనే ఈ సూది ఉంది. బెజ్జాన్ని ఒక కొస నుంచి మరో కొసకు మార్చిన ఆ చిన్న మార్పు ఎన్ని ఇళ్లకు అన్నం పెడుతోందో మనకు తెలుసు. మనలో కొందరి ఫీజులు కట్టింది కూడా అమ్మ తొక్కిన మిషనే.

2003లో వచ్చిన నోకియా 1100ను మన అన్నలు ఇప్పటికీ తలచుకుంటారు. ప్రపంచమంతటా 25 కోట్లకు పైగా అమ్ముడైన ఫోను అది. కెమెరా లేదు, రంగుల తెర లేదు. కానీ పైన టార్చిలైటు ఉంది. బటన్ల సందుల్లోకి దుమ్ము పోకుండా రబ్బరు కవచం ఉంది. చెమట చేతిలోంచి జారకుండా పక్కల గరుకుగా ఉంటుంది. కరెంటు పోయే ఊరు, దుమ్ము లేచే బాట, చెమట పట్టే చేయి, ఈ మూడింటినీ ఎవరో చూసి చేసిన ఫోను అది. మంచి డిజైన్ అంటే మెరుపు కాదు, వాడే మనిషిని ముందుగా చూడడం అని ఆ ఫోను మాకు నేర్పింది.

నవ్వించే వస్తువులూ లేకపోలేదు. జపాన్‌లో కెంజి కవకామి అనే ఆయన 'చిందోగు' అనే ఒక వింత కళను పుట్టించాడు. పనికొస్తుంది అనిపించాలి, కానీ వాడాలంటే సిగ్గేయాలి! నూడుల్స్ చల్లార్చడానికి పుల్లలకు బుల్లి ఫ్యాను తగిలించడం లాంటివన్నమాట. వీటిని అమ్మకూడదు, పేటెంటు తీసుకోకూడదు అన్నది వాళ్ల నియమం. 1995లో ఇంగ్లీషులో వచ్చిన వాళ్ల పుస్తకంలో, కర్ర చివర కెమెరా పెట్టి తమ ఫొటో తామే తీసుకునే పరికరం కూడా ఉంది. అప్పట్లో అది హాస్యం. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అదే సెల్ఫీ స్టిక్కు పేరుతో జాతరలో అమ్ముడుపోయింది. కాబట్టి మిత్రుల వింత ఆలోచన విని నవ్వండి, కానీ కొట్టిపారేయకండి.

ఇదంతా సరదా కోసమేనా? కాదు. అసలు సంగతి ఇప్పుడు చెబుతాం.

మనలో చాలామంది ఇంట్లో తొలి డిగ్రీ మనదే. పట్నం వచ్చాక మనల్ని మొదట భయపెట్టేది పాఠాలు కాదు, వస్తువులు. లిఫ్టు, గాజు తలుపు, ఏటీఎం, చేయి పెడితే దానంతటదే కారే కుళాయి, ఇంటర్వ్యూ గదిలో ఎటు తిప్పితే లేస్తుందో తెలియని కుర్చీ. అందరూ మననే చూస్తున్నారనిపిస్తుంది. చేయి వెనక్కి వస్తుంది. 'మనకు తెలియదు' అన్నది నెమ్మదిగా 'మనకు రాదు' అవుతుంది. చివరికి 'మనకు తగదు' అనే దాకా పోతుంది. ప్రయోగశాలలో పరికరాన్ని మరొకరు పట్టుకుంటే మనం రికార్డు రాస్తూ కూర్చోవడం ఈ భయం వల్లనే.

అమెరికాకు చెందిన డొనాల్డ్ నార్మన్ అనే ఆచార్యుడు రోజువారీ వస్తువుల డిజైన్ మీద 1988లో ఒక పుస్తకం రాశాడు. అందులో ఆయన చెప్పిన సంగతి మన హాస్టల్ గోడ మీద రాసుకోదగ్గది. తలుపును నెట్టాలో లాగాలో తెలియక మనిషి తికమకపడితే ఆ తప్పు మనిషిది కాదు, తలుపుది అంటాడు. చూడగానే ఎలా వాడాలో చెప్పలేని వస్తువును చేసినవాడిదే లోపం. అలాంటి తలుపులకు ఇప్పుడు ఆయన పేరే పెట్టి 'నార్మన్ డోర్' అంటున్నారు. ఈ మాట తెలిశాక గాజు తలుపు ముందు మా తల దించుకోవడం తగ్గింది. "నాకు రాదు" అనే చోట "ఇది ఎందుకిలా ఉంది?" అని అడగడం మొదలైంది. ప్రశ్న వచ్చిన చోట సిగ్గుకు జాగా ఉండదు.

పైగా డిజైన్ మనకు కొత్తది కాదు. మన ఇళ్లే దానికి బడులు. డప్పును మంట దగ్గర కాపి ఎందుకు వాయిస్తారు? తేమ పోయి తోలు బిగిసి నాదం ఖంగుమనడానికి. తాటిచెట్టెక్కే గీత కార్మికుడు మోకు మీద వెనక్కి వాలితే ఎందుకు పడిపోడు? బరువు పడేకొద్దీ మోకు చెట్టును మరింత పట్టుకుంటుంది కనుక. తోలు కోసే రంపె, బెజ్జం వేసే ఆరె, కుమ్మరి సారె, మగ్గం మీది నాడె, వీటిలో దేని వంపూ ఊరికే రాలేదు. తరాల చేతులు వాటిని అలా అరగదీసి దిద్దాయి. కానీ బడిలో వీటి గురించి ఎవరూ అడగరు. అందుకే మనమూ చెప్పుకోవడానికి సంకోచిస్తాం. ఘర్షణ గురించి పుస్తకంలో చదివి మార్కులు తెచ్చుకుంటాం, నాన్న మోకులో ఉన్నదీ అదేనని గుర్తించం. మా బాధంతా ఇక్కడే.

గుర్తించినవాడు ఏం చేయగలడో చింతకింది మల్లేశం చూపించారు. ఆలేరు దగ్గరి శారాజీపేట ఆయన ఊరు. పోచంపల్లి తరహా చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. అంటే మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు చేయి ఆడాలి. ఆ పని చేసీ చేసీ తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి పెడుతుంటే చూడలేకపోయారు. చిన్నప్పుడే బడి మానేసినా 1992లో యంత్రం పని మొదలుపెట్టారు. అందరూ పిచ్చి అన్నారు. చేతిలో డబ్బు లేదు. కొంత పూర్తయ్యాక కదలిక ఒకటి కుదరక ఆగిపోయింది. హైదరాబాదు బాలానగర్‌లో పనిచేస్తున్నప్పుడు వేరే యంత్రంలో అలాంటి కదలికను చూసి, దాన్ని తన యంత్రానికి తగ్గట్టు మలచుకున్నారు. 1999లో ఆసు యంత్రం పూర్తయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. బాలానగర్‌లో ఆ యంత్రాన్ని చూసినవాళ్లు ఎందరో ఉండి ఉంటారు. అందులో అమ్మ భుజాన్ని చూసింది ఆయనొక్కరే.

జైపూర్ పాదం కథా ఇలాంటిదే. విదేశాల నుంచి వచ్చిన కృత్రిమ పాదానికి బూటు తొడగాలి. దాంతో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, బురదలో నడవడం కష్టం. రామచంద్ర శర్మ అనే శిల్పి, పి.కె. సేథీ అనే డాక్టరు కలిసి 1960ల చివర్లో రబ్బరుతో కొత్త పాదం తయారుచేశారు. దాంతో ఉత్త కాళ్లతో పొలంలోకి దిగవచ్చు, గొంతుకూర్చోవచ్చు. శర్మ పెద్దగా చదువుకున్నవాడు కాదు. డాక్టరు చదువు, శిల్పి చేయి కలిస్తేనే ఆ పాదం నడిచింది. మనకున్న అదృష్టం ఏమిటంటే, ఆ చేయి మన ఇంట్లోనే ఉంది. చదువు ఇప్పుడు వస్తోంది.

మా మాటకు రెండు అభ్యంతరాలు వస్తాయని తెలుసు. వస్తువుల మోజు పెంచితే పిల్లలు అప్పు చేసి ఫోన్లు కొంటారు అనేది మొదటిది. మా అనుభవం దీనికి తలకిందులు. లోపల ఏముందో తెలిసినవాడిని ప్రకటన మోసం చేయలేదు. పాత ఫోను బ్యాటరీ మారిస్తే సరిపోతుందని తెలిసినవాడు కొత్తదానికి వాయిదాలు కట్టడు. వస్తువుకు బానిస అయ్యేది దాని గుట్టు తెలియనివాడే. మార్కులు తగ్గుతాయి అనేది రెండోది. కెపాసిటర్ పాఠాన్ని దోమల బ్యాటుతో చెప్పుకున్నవాడు దాన్ని పరీక్షలో మరచిపోతాడా?

ఈ చూపు వస్తే మన చుట్టూ ఉన్నవాటి గురించీ అడగగలుగుతాం. ఎన్నో హాస్టళ్లలో గది మధ్యన ఒకే ట్యూబులైటు ఉంటుంది. గోడ వైపు తిరిగి కూర్చున్నవాడు తన నీడలో తానే చదువుకుంటాడు. బకెట్టు పట్టనంత కిందికి కుళాయి ఉంటుంది. తలుపు తెరిస్తే స్విచ్‌బోర్డు దాని వెనక దాక్కుంటుంది. ఇవి మన తలరాతలు కావు, ఎవరో కాగితం మీద గీసిన గీతలు. గీసినవాళ్లు హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్లయితే వేరుగా గీసేవాళ్లు. రేపు ఆ పెన్సిలు పట్టుకునేది మనలో ఒకరు కావాలన్నదే మా కోరిక.

అందుకే వార్డెన్ సార్లకూ మేడమ్‌లకూ ఈ వార్షికోత్సవ సందర్భంగా మా విన్నపం. ప్రతి హాస్టల్లో ఒక పాత బల్ల, నాలుగు స్క్రూడ్రైవర్లు, ఒక కటింగ్ ప్లయరు, ఒక మల్టీమీటరు ఇప్పించండి. దానికి 'విప్పే బల్ల' అని పేరు పెడదాం. ఆదివారం రెండు గంటలు చాలు. నియమాలు మూడే. గోడ ప్లగ్గుకు తగిలించి ఉన్నదాన్ని ముట్టకూడదు. టీవీలు, ఉబ్బిన బ్యాటరీలు విప్పకూడదు. విప్పినదాన్ని కాగితం మీద బొమ్మ గీసి, పక్కవాడికి వివరించి, మళ్లీ బిగించే ప్రయత్నం చేయాలి. బిగించగా రెండు స్క్రూలు మిగిలితే ఎవరూ తిట్టకూడదు.

ఇక పూర్వ విద్యార్థులైన అన్నలకూ అక్కలకూ ఒక మాట. ఉద్యోగాల్లో స్థిరపడి వార్షికోత్సవానికి వచ్చినప్పుడల్లా మీరు ప్రేమగా స్వీటు డబ్బాలు తెస్తున్నారు. వచ్చే ఏడాది వాటితో పాటు ఇంట్లో మూలన పడ్డ మిక్సీయో, ఆగిపోయిన గోడ గడియారమో, మోగని రేడియోయో ఒకటి పట్టుకురండి. స్వీట్లు సాయంత్రానికే అయిపోతాయి. ఆ మిక్సీ మాత్రం మీ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఏడాదంతా పాఠం చెబుతుంది.