తాళం ఎవరి కోసం?

ఉదయం పిల్లలు బడికి, పెద్దలు పనికి బయలుదేరే వేళ ప్రతి వీధిలోనూ ఒక చప్పుడు వినిపిస్తుంది. గొళ్ళెం పడుతుంది, తాళం కప్ప నొక్కుకుంటుంది, తాళంచెవి సంచిలోకో జేబులోకో చేరుతుంది. నాలుగడుగులు వేశాక అనుమానం వచ్చి, వెనక్కి తిరిగి కప్పను ఒకసారి లాగి చూసి మరీ వెళ్ళేవారూ ఉంటారు. "తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని" అన్న సామెత ఊరికే పుట్టలేదు. తెలుగువారు తాళమనీ, కొన్ని ప్రాంతాలలో బీగమనీ పిలిచే ఈ చిన్న వస్తువు కన్నడంలో బీగ, తమిళంలో పూట్టు, మరాఠీలో కులూప్, ఒడియాలో తాలా. పేర్లు వేరైనా అది చేసే పని అన్నిచోట్లా ఒకటే.

అయితే ఈ పని మంచిదా, కాదా అన్న విషయంలో మాత్రం అందరి అభిప్రాయం ఒకటి కాదు. "పక్కింటికి వెళ్ళి రావడానికి కూడా తాళమెందుకు? ఇరుగుపొరుగు మీద ఆ మాత్రం నమ్మకం లేదా?" అని కొందరు నొచ్చుకుంటారు. "రోజులు మంచివి కావు, ఎవరినీ నమ్మడానికి లేదు" అని మరికొందరు జవాబిస్తారు. ఈ రెండు మాటలూ ఎదురెదురుగా కనిపించినా రెండింటి వెనుకా ఉన్న భావం ఒక్కటే. తాళం అంటే తోటివారిని అనుమానించడమే అన్నది ఆ భావం. అది ఎంతవరకు సరైనదో ఆలోచించవలసి ఉంది.

పూర్వం ఇళ్ళకు తాళాలే ఉండేవి కావని పెద్దలు తరచుగా చెబుతారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దం చివర చంద్రగుప్త మౌర్యుని కొలువుకు వచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీస్, ఈ దేశంలో జనం ఇళ్ళనూ వస్తువులనూ కాపలా లేకుండానే వదిలివెళ్తారని రాశాడు. ఆయన గ్రంథం దొరకకపోయినా, తరువాతి గ్రీకు రచయిత స్ట్రాబో ఆ మాటలను పేర్కొన్నాడు. కాని కౌటిల్యుని అర్థశాస్త్రం చూస్తే మరొక సంగతి తెలుస్తుంది. అందులో కంటకశోధనమనే అధికరణం దొంగలను ఎలా గుర్తించాలో, ఎలా విచారించాలో వివరంగా చెబుతుంది. దొంగలే లేని కాలమంటూ ఎన్నడూ లేదన్నమాట.

మరి పాత ఊళ్ళలో పగలంతా తలుపులు తెరిచి ఉండడానికి కారణమేమిటి? ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండడమే. అరుగు మీద తాతగారు కూర్చుని ఉండేవారు. పెరట్లో బామ్మగారు అప్పడాలు ఎండబెడుతూ ఉండేవారు. కొత్తవారు వీధిలో అడుగుపెడితే "ఎవరింటికి బాబూ?" అని నాలుగు అరుగుల మీద నుంచి నాలుగు గొంతులు పలకరించేవి. రాత్రి అయితే ఆ ఇళ్ళకూ అడ్డగడియ పడేది. నగలు, పత్రాలు దాచిన భోషాణానికి పగలూ రాత్రీ తాళం ఉండనే ఉండేది. వీధి తలుపుకు లేని తాళం లోపలి పెట్టెకు ఉండేది. ఆ రోజులలో ఇంటిని కాపాడినది తెరిచిన తలుపు కాదు, దాని ముందు కూర్చున్న మనిషి.

ఈ కాలంలోనూ తలుపులు లేని ఇళ్ళకు పేరుపొందిన గ్రామం ఒకటి మహారాష్ట్రలో ఉంది. అది అహల్యానగర్ జిల్లా నెవాసా తాలూకాలోని శని శింగణాపూర్. 2024లో పేరు మారక ముందు ఈ జిల్లాను అహ్మద్‌నగర్ అనేవారు. శనీశ్వరుడే ఊరిని కాపాడుతాడని గ్రామస్థుల విశ్వాసం. అందుకే ఇళ్ళకు ద్వారబంధాలు ఉంటాయి గాని తలుపులు బిగించరు. 2011లో అక్కడ ఒక బ్యాంకు శాఖ తెరిచినప్పుడు కూడా ఊరి ఆచారాన్ని గౌరవించి అద్దాల తలుపు పెట్టారు. అయితే పైకి కనిపించకుండా విద్యుదయస్కాంత తాళం ఒకటి దానికి అమర్చారు. యాత్రికుల రాక పెరిగాక, 2010లో ఒక వాహనంలోని డబ్బు, వస్తువులు పోయినట్లు ఫిర్యాదు వచ్చింది. 2015లో ఆ ఊరికి పోలీసు స్టేషను కూడా వచ్చింది. ఇందులో ఊరివారిని తప్పుపట్టవలసినది ఏమీ లేదు. ఒకరినొకరు ఎరిగినవారు, ఒకే విశ్వాసానికి కట్టుబడినవారు ఉన్నంతవరకు తలుపు అవసరం రాలేదు. ఎరగనివారు పెద్దసంఖ్యలో వచ్చేసరికి ఆ కట్టుబాటుకు తోడుగా మరికొన్ని ఏర్పాట్లు అవసరమయ్యాయి.

నేటి పట్టణాల పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు. అరుగులు పోయి ప్రహరీగోడలు వచ్చాయి. అపార్టుమెంటులో ఎదురింటివారి పేరు తెలియనివారు కూడా ఉన్నారు. ఇటువంటి చోట మనిషి చేసే కాపలాను తాళానికి అప్పగించక తప్పదు. అలీగఢ్‌లోనూ, తమిళనాడులోని దిండిగల్‌లోనూ తాళాల తయారీయే వేలాది కుటుంబాలకు జీవనాధారమైనదంటే ఈ అవసరం ఎంత విస్తరించిందో ఊహించవచ్చు. చేతిపనికి పేరొందిన దిండిగల్ తాళానికి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

ఇంతవరకు చెప్పినది దొంగల నుంచి రక్షణ గురించి. అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. తాళం వేయని ఇంట్లో వస్తువు పోతే నష్టపోయేది యజమాని ఒక్కడే కాదు. గూట్లో పెట్టిన ఉంగరం కనిపించలేదనుకుందాం. మొదట ఎవరి పేరు వినిపిస్తుంది? పొద్దున గిన్నెలు తోమి వెళ్ళిన పనిమనిషి పేరు. తరువాత పాలు పోసే కుర్రవాడి పేరు, ఆడుకోవడానికి వచ్చిన పక్కింటి పిల్లవాడి పేరు. ఎవరూ పైకి అనకపోవచ్చు. అయినా చూపు మారుతుంది, పలకరింపు తగ్గుతుంది. నెల తిరిగాక ఆ ఉంగరం బియ్యం డబ్బాలో దొరికితే ఇంటివారి మనసు తేలికపడుతుంది. కాని ఆ నెల రోజులూ తలవంచుకుని తిరిగినవారి మాట ఏమిటి? నాలుగిళ్ళలో పనిచేసి బతికే మనిషికి మంచిపేరే ఆస్తి. ఉంగరం పోతే మరొకటి కొనుక్కోవచ్చు, పోయిన పేరును కొనితెచ్చుకోవడానికి అంగడి లేదు.

శూద్రకుని 'మృచ్ఛకటికం' నాటకంలో ఈ బాధ చక్కగా కనిపిస్తుంది. వసంతసేన తన నగల పెట్టెను చారుదత్తుని ఇంట దాచమని ఇస్తుంది. శర్విలకుడనే దొంగ రాత్రివేళ గోడకు కన్నం వేసి లోపలికి వస్తాడు. పెట్టెకు కాపలా ఉన్న మైత్రేయుడు నిద్రమత్తులో కలవరిస్తూ దానిని తన చేతులతోనే దొంగకు అందిస్తాడు. తెల్లవారి సంగతి తెలిసిన చారుదత్తుడు నగలు పోయినందుకంటె, దొంగతనం జరిగిందంటే ఎవరూ నమ్మరే అని ఎక్కువగా కుమిలిపోతాడు. పేదవాడు కాబట్టి తానే కాజేశాడని లోకం అనుకుంటుందని అతని భయం. ఆ నింద పడకుండా అతని భార్య తన రత్నహారాన్ని ఇచ్చివేస్తుంది. అనుమానం పేదవాడి గడపనే ముందుగా వెతుక్కుంటూ వెళ్తుందన్న సత్యాన్ని ఆ నాటకం ఏనాడో చెప్పింది.

ఈ కోణం నుంచి చూస్తే తాళం అర్థమే మారిపోతుంది. గట్టి దొంగకు తాళం పెద్ద అడ్డంకి కాదు. అతడు శర్విలకునిలా గోడకు కన్నమైనా వేస్తాడు. తాళం ఎక్కువగా కాపాడేది ఏ పాపమూ ఎరగనివారిని. విలువైన వస్తువును బీరువాలో పెట్టి తాళం వేసిన ఇల్లాలు తన పనిమనిషిని అవమానించడం లేదు. "రేపు ఏది కనిపించకపోయినా నీ మీదికి మాట రాకూడదు" అని ఆమెను గౌరవిస్తున్నది. కాబట్టి తాళం వేయడం తోటివారి మీద అపనమ్మకం కాదు, తోటివారి పట్ల బాధ్యత.

వాహనాలకు కూడా ఇది వర్తిస్తుంది. తాళంచెవిని స్కూటరుకే వదిలి "ఒక్క నిమిషమే కదా" అని దుకాణంలోకి వెళ్ళేవారు ప్రతి బజారులోనూ కనిపిస్తారు. ఆ బండిని ఎత్తుకుపోయినవాడు దానితో ప్రమాదం చేస్తే దెబ్బతగిలేది దారిన పోయే అమాయకునికి. ఆపిన వాహనం డ్రైవరు లేని సమయంలో పొరపాటున కదలకుండా చూడాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 126వ సెక్షన్‌లో నిర్దేశించింది కూడా. తలుపులు మూయని కారు వల్ల కలిగే ముప్పు అంతకంటె దారుణమైనది. 2025 మే నెలలో విజయనగరం జిల్లా ద్వారపూడిలో ఆడుకుంటూ, ఆగి ఉన్న కారులోకి ఎక్కిన నలుగురు పిల్లలు బయటికి రాలేక, ఊపిరాడక మరణించారు. ఎండలో నిలిపిన కారు కొద్దిసేపటిలోనే కొలిమిలా వేడెక్కుతుంది. కారుకు తాళం వేసే ముందు లోపల ఎవరూ లేరని చూడడం, వేశాక ఒకసారి లాగి చూడడం దొంగకు భయపడి చేయవలసిన పని కాదు. వీధిలో ఆడుకునే పిల్లల కోసం చేయవలసిన పని.

అలాగని అన్నిటికీ తాళమే మందు అనుకోవడం పొరపాటు. తాళం వేసి, చెవిని పూలకుండీ కింద దాచడం వల్ల ప్రయోజనం లేదు. ప్రయాణం సంగతిని ఫోటోలతో సహా ఫోనులో ఊరందరికీ చాటితే ఇల్లు ఖాళీగా ఉందని దొంగకు కబురు పంపినట్లే. ఇంట్లో ముసలివారో పిల్లలో ఉండగా బయటి నుంచి తాళం వేసి వెళ్ళడం మరీ ప్రమాదం. నిప్పంటుకున్నా, జబ్బు చేసినా వారు బయటికి రాలేరు, సాయానికి వచ్చినవారు లోపలికి పోలేరు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఊరికి వెళ్ళేవారి ఇళ్ళలో కదలికలను పసిగట్టే కెమెరాలు అమర్చే పద్ధతిని తెచ్చారు. ఆ కెమెరాను పెట్టించుకోవాలన్నా ముందుగా ఒకరితో చెప్పి వెళ్ళాలి. దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లు, అంతా జరిగాక పొరుగువారిని పిలిచి ప్రయోజనం లేదు.

తాళాన్ని పొరుగువారికి ప్రత్యామ్నాయంగా భావించినప్పుడే అది అనుమానానికి గుర్తవుతుంది. నిజానికి ఆ రెండూ ఒకదానికొకటి తోడు. "పిన్నిగారూ, వారం రోజులు ఊరికి వెళ్తున్నాం. తాళంచెవి మీ దగ్గర ఉంచండి, సాయంత్రం వీధి దీపం వెయ్యండి" అని చెప్పి వెళ్ళే కుటుంబాలు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. పుట్టిన ఊరికి దూరంగా, పలు భాషలవారి నడుమ స్థిరపడిన తెలుగువారికి ఈ అలవాటు బాగా తెలుసు. పక్కింట ఉన్నది కన్నడిగులైనా, తమిళులైనా, మరాఠీలైనా, ఒడియావారైనా ఆపదలో ముందుగా పరుగెత్తి వచ్చేది వారే.

వీధి తలుపుకు తాళం వేయాలి. దాని చెవిని నమ్మకంగా అప్పగించడానికి పొరుగున ఒక ఇల్లు ఉండేలా చూసుకోవాలి. ఏదైనా వస్తువు కనిపించకపోతే, పక్కవారి ముఖం వైపు చూడకముందే బియ్యం డబ్బాలోనూ ఒకసారి వెతకాలి.