మొండిగోడల లెక్క ఎవరు చెప్పాలి?

దళితవాడలో పాత ఇంటిని బాగుచేసుకోవాలన్నా, పైన ఒక గది వేసుకోవాలన్నా రెండు చిక్కులు. ఒకటి డబ్బు. రెండోది పని చేసే మనిషి. డబ్బు ఎలాగో కూడబెడతారు. డ్వాక్రా రుణం, కుదువపెట్టిన కమ్మలు, ఎత్తిన చీటీ, చెన్నైలోనో బెంగళూరులోనో పనిచేసే కొడుకు పంపిన సొమ్ము కలిస్తే పని మొదలవుతుంది. ఆ డబ్బు తీసుకుని చివరిదాకా పనిచేసే కాంట్రాక్టర్ దొరకడమే కష్టం. తిరుపతి, చిత్తూరు జిల్లాల కాలనీల్లో తుప్పుపట్టిన కమ్మీలతో ఆగిన పిల్లర్లు, స్లాబు పడని గోడలు, తలుపుల్లేని గుమ్మాలు ఈ సంగతే చెబుతాయి. మంచోడు దొరకలేదు, వాళ్ల ఖర్మ అని ఊరు తేల్చేస్తుంది. మంచోడు ఎవరికి దొరుకుతాడు, ఎవరికి దొరకడు అన్నది నిజంగా ఖర్మ తేల్చే విషయమేనా?

నమ్మకం వెనక ఉన్న బలం

ఊళ్లో ఆధిపత్య కులపు ఆసామి ఇల్లు ఒప్పుకున్న మేస్త్రీ ఆ పనిని సగంలో వదిలి పోవడానికి జంకుతాడు. ఆ ఆసామి బావమరిదికి ఇసుక ట్రాక్టరు ఉంటుంది, అన్నకు సిమెంటు కొట్టు ఉంటుంది, పంచాయతీలోనూ స్టేషన్‌లోనూ మాట చెల్లుతుంది. ఒక ఇంట్లో పని చెడితే పది ఇళ్లలో పని పోతుందని మేస్త్రీకి తెలుసు. మనం నమ్మకం అంటున్నది ఈ లెక్కనే. బ్యాంకు నుంచి ఇంటి రుణం తీసుకున్నవాళ్లకు మరో కాపలా కూడా దొరుకుతుంది. బ్యాంకు డబ్బు ఒకేసారి ఇవ్వదు. పునాది, గోడలు, స్లాబు అంటూ పని ఎంతవరకు లేచిందో చూసి విడతలుగా ఇస్తుంది.

దళితవాడలో ఈ రెండూ లేవు. అక్కడి ఇళ్లు చాలావరకు డీకేటీ పట్టా మీదో, ఎప్పుడో ఇచ్చిన ఇంటిపట్టా మీదో నిలిచినవి. ఆ కాగితాలు చూసి బ్యాంకులు వెనకాడతాయి. దాంతో లావాదేవీ అంతా నగదులో, నోటిమాట మీద నడుస్తుంది. అడ్వాన్సు ఇచ్చినట్టు రసీదు ఉండదు, ఎన్ని బస్తాల సిమెంటు వచ్చిందో రాసి ఉండదు. కాంట్రాక్టర్ వేరే పని దొరికి వెళ్లిపోతే అతన్ని పిలిపించి అడిగే బలం వాడకు ఉండదు.

మరోపక్క, తిరుపతి చుట్టూ లేచిన హోటళ్లలో, అపార్టుమెంట్లలో బేల్దారి పని, సెంట్రింగ్ పని, కాంక్రీటు మోత మోసినవాళ్లలో వాడల మనుషులు ఎందరో ఉన్నారు. చేతిలో పనితనం ఉంది. లేనిది పెట్టుబడి, కాంట్రాక్టర్ రిజిస్ట్రేషన్, టెండరుకు కట్టాల్సిన డిపాజిట్. పని తెలిసినవాడు కూలీగా మిగిలిపోతున్నాడు, పెట్టుబడి ఉన్నవాడు కాంట్రాక్టర్ అవుతున్నాడు.

సర్కారు ఎంచిన కాంట్రాక్టర్

పేదవాళ్లు కాంట్రాక్టర్‌ను సరిగ్గా ఎంచుకోలేరు అనేవాళ్లు ఒకసారి ప్రభుత్వం ఎంచిన కాంట్రాక్టర్ల సంగతి చూడాలి. 2020 డిసెంబర్ 25న అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ఇళ్ల స్థలాల పంపిణీ మొదలుపెట్టింది. మూడు రోజుల తర్వాత శ్రీకాళహస్తి దగ్గర ఊరందూరులో ముఖ్యమంత్రే వచ్చి పట్టాలు పంచారు. పట్టణంలో సెంటు, పల్లెలో సెంటున్నర. ఇల్లు కట్టుకోవడానికి మూడు దారులు చూపించారు. సామాన్లు ప్రభుత్వం ఇస్తే కట్టుకోవడం ఒకటి. సొంతంగా సామాన్లు తెచ్చుకుని కట్టుకుని డబ్బు తీసుకోవడం రెండోది. ప్రభుత్వమే కాంట్రాక్టర్‌తో కట్టించి ఇవ్వడం మూడోది. అదే ఆప్షన్-3.

ఆప్షన్-3 వైపు ఎవరు వెళ్లారు? చేతిలో అదనంగా రూపాయి లేనివాళ్లు, పని దగ్గర నిలబడి చూసుకునే మనిషి లేనివాళ్లు, ఒంటరి ఆడవాళ్లు, రోజుకూలీ మానుకోలేనివాళ్లు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఈ పరిస్థితి కొత్త కాదు. వాళ్ల ఇంటిని కట్టే కాంట్రాక్టర్‌ను వాళ్లు ఎంచుకోలేదు. అతనికి వాళ్లతో నేరుగా ఒప్పందం లేదు. బిల్లు రాసేది ఇంజనీరు, చెల్లించేది గృహనిర్మాణ సంస్థ. ఇంటి యజమాని కాగితం మీద లబ్ధిదారు మాత్రమే. పునాదులు వేసి, గోడలు లేపి వదిలేశారన్న ఫిర్యాదులు రాష్ట్రంలో పలు జిల్లాల నుంచి వచ్చాయి.

లెక్క కూడా మొదటి నుంచీ పొసగలేదు. ఇంటికి 1.80 లక్షల రూపాయలు, 340 చదరపు అడుగులు. అంటే అడుగుకు సుమారు 530 రూపాయలు. పావలా వడ్డీ మీద ఇప్పించిన 35,000 రూపాయల రుణం కలిపినా అడుగుకు సుమారు 630 రూపాయలే. ఇసుక ఉచితమన్నా, సిమెంటు తక్కువ ధరకు ఇచ్చినా ఆ డబ్బుతో గట్టి ఇల్లు లేవదని ఏ మేస్త్రీని అడిగినా చెబుతాడు. చాలని డబ్బుకు ఒప్పుకున్న కాంట్రాక్టర్‌కు రెండు దారులే మిగులుతాయి. నాణ్యత తగ్గించడం, లేదా లాభం వచ్చే దశ వరకు కట్టి మిగతాది వదిలేయడం.

ప్రభుత్వం మారింది. పూర్తికాని ఇళ్లకు అదనంగా ఎస్సీ, బీసీలకు 50,000, ఎస్టీలకు 75,000, ఆదిమ గిరిజన తెగలకు లక్ష రూపాయలు ఇస్తామని 2025 మార్చిలో కొత్త ప్రభుత్వం ప్రకటించింది. అదే ఏడాది నవంబర్ 12న పక్కనే అన్నమయ్య జిల్లా దేవగుడిపల్లె నుంచి 3 లక్షల ఇళ్ల గృహప్రవేశాలు జరిపించింది. అదనపు సాయం అవసరమే, స్వాగతించాలి. కానీ పాత లెక్క తేలకుండా కొత్త డబ్బు ఇస్తే ఏమవుతుంది? రికార్డులో స్లాబు దశ అని ఉండి, నేల మీద ఇల్లు లింటెల్ దగ్గరే ఆగి ఉంటే, ఆ తేడాను ఎవరు భరించాలి? కాంట్రాక్టర్ మింగినది పూడ్చడానికే దళిత కుటుంబానికి వచ్చిన 50,000 ఖర్చయిపోతుంది.

చట్టంలో ఏ తలుపు తట్టాలి

రెరా గురించి వినే ఉంటారు. అది మనకు పనికిరాదు. 500 చదరపు మీటర్లు మించని స్థలంలో, ఎనిమిది ఫ్లాట్లకు మించని ప్రాజెక్టులకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అమ్మకంతో సంబంధం లేని మరమ్మతులను, ఇంటి మార్పులను ఆ చట్టమే పక్కన పెట్టింది. సెంటు స్థలం అంటే 40 చదరపు మీటర్లే.

పనికొచ్చేది 2019 వినియోగదారుల రక్షణ చట్టం. సేవ అన్న మాట నిర్వచనంలోనే ఇంటి నిర్మాణం ఉంది. పనిని గుత్తకు ఒప్పుకుని మధ్యలో వదిలేసిన కాంట్రాక్టర్ మీద రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. చిత్తూరులోనూ తిరుపతిలోనూ జిల్లా కమిషన్లు ఉన్నాయి. రోజుకూలికి వచ్చిన మేస్త్రీ మీద ఈ చట్టం పనిచేయదు, పనిచేయకూడదు కూడా. ప్రభుత్వ సంస్థలు కట్టించే ఇళ్లూ సేవ కిందికే వస్తాయని లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. పూర్తిగా ఉచితంగా అందిన సేవకు ఈ చట్టం వర్తించదు కాబట్టి, లబ్ధిదారు కట్టిన ప్రతి రూపాయి ఇక్కడ కీలకం. పొదుపు సంఘం రుణం 35,000 కాంట్రాక్టర్‌కు చేరిన చోట ఆ పాస్‌బుక్కును భద్రంగా ఉంచుకోవాలి.

ఇంకొకటి ఉంది. 2015లో సవరించి, 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఆర్థిక బహిష్కరణను నేరంగా చేర్చింది. కూలికి పనిచేయడానికో, వ్యాపారం చేయడానికో నిరాకరించడం, అందరితో చేసే షరతుల మీద చేయనని చెప్పడం ఆ నిర్వచనంలో ఉన్నాయి. మాలవాడలో, మాదిగవాడలో పని పట్టం అనేవాళ్లకూ, ఊళ్లో విడతలుగా తీసుకునే డబ్బును వాడలో మాత్రం మొత్తం ముందే కట్టమనేవాళ్లకూ ఈ సంగతి తెలియాలి. పని ఆపిన ప్రతి కాంట్రాక్టర్ మీదా ఈ కేసు నిలవదు. కులం కారణంగానే నిరాకరించాడని చూపించే సాక్ష్యం కావాలి. లాయరు ఖర్చుకు భయపడనవసరం లేదు. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 న్యాయసేవల చట్టం చెబుతోంది.

వాడ చేయగలిగింది

చట్టం తలుపు తెరవాలన్నా చేతిలో కాగితం ఉండాలి. ఇక్కడే విద్యార్థుల అవసరం. పది మంది చదువుకున్న పిల్లలున్న వాడలో ఒక్క తెల్లకాగితం ఒప్పందం లేకపోవడం ఏమిటి? గది కొలతలు, కమ్మీ మందం, సిమెంటు కంపెనీ, ఎవరి సామాను, ఎన్ని రోజుల్లో, ఏ దశకు ఎంత డబ్బు అన్నవి తెలుగులో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. పని అయ్యాకే ఆ విడత డబ్బు ఇవ్వాలి, అదీ వీలైనంతవరకు ఫోన్‌పే ద్వారానో బ్యాంకు ద్వారానో. స్లాబు వేసే ముందు కమ్మీ కట్టును ఫొటో తీయాలి. అడ్వాన్సు వారం పనికి మించకూడదు. చివరి విడత కొంత ఒక వానాకాలం దాటేదాకా ఆపుకోవాలి.

ఒక్క ఇల్లు బేరమాడితే కాంట్రాక్టర్‌కు లెక్కలేదు. పొదుపు సంఘం తరఫున ఐదారు ఇళ్లు ఒకేసారి పని ఇస్తే అతను మాట తప్పడానికి ఆలోచిస్తాడు. ఆసామికి బంధుబలగం ఇచ్చే బలాన్ని వాడకు సంఘం ఇవ్వగలదు. వాడలోని మేస్త్రీలే కలిసి బృందంగా పనులు పట్టగలిగితే ఇంకా మంచిది.

అందుకు ప్రభుత్వం అడుగు వేయాలి. నామినేషన్ మీద ఇచ్చే పనుల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు సగం ఇవ్వాలని రాష్ట్రంలో 2019లో చట్టం చేశారు. టెండరు పనులు దాని బయటే ఉన్నాయి. మన సరిహద్దు దాటితే కర్ణాటకలో టెండరు పనుల్లోనే ఎస్సీలకు 17.15 శాతం, ఎస్టీలకు 6.95 శాతం కేటాయించారు. 50 లక్షల లోపు పనులతో మొదలుపెట్టి పరిమితిని తర్వాత కోటికి పెంచారు. కాలనీ ఇళ్ల పనులనైనా వాడ మేస్త్రీల బృందాలకు, డిపాజిట్ మినహాయింపుతో ఇవ్వడానికి అడ్డేమిటి?

జీడీ నెల్లూరు, పూతలపట్టు, సత్యవేడు, సూళ్లూరుపేట, గూడూరు. ఈ ఐదూ ఎస్సీ రిజర్వుడ్ నియోజకవర్గాలు. ఆ ఐదుగురు ఎమ్మెల్యేలను అడగాల్సిన ప్రశ్నలు సూటిగా ఉన్నాయి. ఆప్షన్-3 కింద ఏ కాలనీలో ఏ కాంట్రాక్టర్‌కు ఎంత బిల్లు చెల్లించారు? ఇల్లు ఏ దశలో ఉంది? ఆ జాబితాను సచివాలయం గోడ మీద ఎప్పుడు అంటిస్తారు? కట్టని గోడకు తీసుకున్న బిల్లును ఎప్పుడు వెనక్కి రాబడతారు? చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది. ఒక్కో కాలనీకి ఒక్కో దరఖాస్తు, 30 రోజుల్లో జవాబు. ఆ జవాబును కొలతబద్దతో పాటు కాలనీకి తీసుకెళ్లి ఇంటింటికీ సరిచూడటం విద్యార్థి సంఘాలు ఈ సెలవుల్లోనే చేయగలిగిన పని.