నోరు తెరిస్తే గెంటేస్తారా?

హెచ్.ఐ.వి.తో జీవిస్తున్న స్త్రీలతో మాట్లాడుతున్నప్పుడు ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకునే జవాబులు చెప్పింది. సిగ్గనుకున్నాను. కాదు, చిగుళ్లు పుండ్లు పడి నెత్తురు కారుతున్నాయి. పళ్ల డాక్టరుకి తన జబ్బు సంగతి దాచకుండా చెప్పిందట. "ఇక్కడ కుదరదు, పెద్దాసుపత్రికి పో" అన్నాడట.

రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లలో చిగుళ్లు కుళ్లి, పంటి చుట్టూ ఉన్న ఎముక కూడా దెబ్బతినవచ్చు. 2004 నుంచి ప్రభుత్వం ఎ.ఆర్.టి. మందులు ఉచితంగా ఇస్తోంది. మరి నమలలేని మనిషి ఏం తిని ఆ మందులు మింగాలి?

"మాకు అంటుకుంటే?" అంటారు. గ్లవ్స్, మాస్కు, పరికరాల స్టెరిలైజేషన్ ప్రతి రోగి విషయంలోనూ పాటించాల్సినవే. తమకు హెచ్.ఐ.వి. ఉందని తెలియనివాళ్లూ ఆ కుర్చీలో కూర్చుంటారు కదా! నిజం చెప్పినామెను గెంటేయడం జాగ్రత్త కాదు, వివక్ష. 2018లో అమల్లోకి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ప్రకారం వైద్యం నిరాకరించడం నేరుగా చట్ట ఉల్లంఘన. అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయవచ్చు.

కండోముల గురించి ఎన్నో సమావేశాలు పెట్టాం. చిగుళ్ల గురించి ఒక్కసారైనా అడిగామా? ఇకనైనా అడుగుదాం. ఆమెతో పాటు ఆ క్లినిక్ మెట్లెక్కుదాం.