బేరమాడలేని బజారు

అక్టోబరు, నవంబరు నెలలు వచ్చాయంటే అమెరికా కంపెనీలు ఉద్యోగులను వచ్చే ఏడాదికి ఆరోగ్య బీమా ఎంచుకోమంటాయి. డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఉండే తెలుగు కుటుంబం ముందుగా చూసేది జీతంలో నెలనెలా కోత ఎంతన్నదే. కోత తక్కువున్న ప్లాన్‌లో డిడక్టబుల్ ఎక్కువ. 2025లో కుటుంబ ప్లాన్‌కు అది కనీసం 3,300 డాలర్లు. అంత సొమ్మూ జేబులోంచి పోయాకే బీమా కదులుతుంది. దీనికి జోడీగా హెచ్ఎస్ఏ అనే పొదుపు ఖాతా ఉంటుంది. 2003 నాటి చట్టంతో వచ్చిన ఈ ఖాతాలో కుటుంబం 2025కి 8,550 డాలర్ల దాకా వేసుకునే వీలుండేది. వేసినప్పుడూ, పెరిగినప్పుడూ, వైద్యానికి తీసినప్పుడూ ఫెడరల్ పన్ను లేదు. న్యూజెర్సీ, కాలిఫోర్నియా మాత్రం రాష్ట్ర పన్నులో ఈ మినహాయింపు ఇవ్వవు.

పన్ను లెక్కతో నాకు పేచీ లేదు. సొంత డబ్బయితే రోగి ధర అడిగి కొంటాడు, ఖర్చు దిగుతుంది అన్న వాదనతోనే పేచీ. ఖర్చు దిగే మాట నిజమే. ఒక పెద్ద కంపెనీ తన ఉద్యోగులందరినీ ఇలాంటి ప్లాన్‌లోకి మార్చినప్పుడు ఏం జరిగిందో 2017లో ఆర్థికవేత్తలు ప్రచురించారు. వైద్య ఖర్చు సుమారు 12 నుంచి 14 శాతం తగ్గింది. కానీ చవకైన చోటు వెతికిన ఆనవాలు లేదు, వైద్యమే తగ్గించుకున్నారు. అందులో అవసరమైనదీ ఉంది, అనవసరమైనదీ ఉంది. వాళ్లేమీ చేతిలో డబ్బాడని వాళ్లు కాదు, మంచి జీతగాళ్లు. కంపెనీ ఖాతాలో సొమ్ము కూడా వేసింది. ఆరోగ్య బీమాపై ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 1970లలో మొదలుపెట్టిన ప్రయోగంలోనూ ఇదే తేలింది. వంకాయలైతే పుచ్చు చూసి ఏరుకుంటాం. డాక్టరు రాసిన స్కానింగ్ అవసరమో కాదో రోగి ఏం చూసి తేలుస్తాడు?

ముందుజాగ్రత్త పరీక్షలు ఉచితమే కదా, ఇన్సులిన్‌కు డిడక్టబుల్ అక్కర్లేదని 2019లోనే ప్రభుత్వం చెప్పింది కదా అనవచ్చు. అప్పుడిచ్చింది అనుమతి మాత్రమే. ప్లాన్లు తప్పక పాటించాలన్న నిబంధన కాదు. కాబట్టి డిడక్టబుల్ మొత్తం ఇప్పటికే బ్యాంకులో ఉంటే ఈ ప్లాన్ తీసుకోండి, మంచి పొదుపే. ఇంట్లో షుగరో బీపీయో ఉండి, చేతిలో అంత సొమ్ము లేకపోతే, నెలకు నాలుగు డాలర్లు ఎక్కువైనా డిడక్టబుల్ తక్కువున్న ప్లాన్ వదలకండి.