తోడుంటేనే ప్రయాణమా?

బెల్జియం ఉత్తర భాగాన డచ్ మాట్లాడే ప్రాంతాన్ని ఫ్లాండర్స్ అనీ, అక్కడివారిని ఫ్లెమిష్ ప్రజలనీ అంటారు. అక్కడి నుంచి 2011లో వచ్చిన 'హస్తా లా విస్తా' చిత్రం, దాని దర్శకుడు జెఫ్రీ ఎంథోవెన్ తెలుగు ప్రేక్షకులకు అంతగా పరిచితం కాకపోయినా, వైకల్యాన్ని తెర మీద చూపే తీరు గురించి ఆలోచించేవారు దాన్ని పక్కన పెట్టి ముందుకు పోలేరు. మెడ కింది శరీరమంతా చచ్చుబడిన ఫిలిప్, దాదాపు చూపు లేని యోజెఫ్, మెదడులో కణితి ముదిరి చక్రాల కుర్చీలో కూర్చున్న లార్స్ అనే ముగ్గురు యువకులు ద్రాక్షతోటలు చూసివస్తామన్న సాకుతో స్పెయిన్‌కు ప్రయాణం కడతారు; వారి అసలు గమ్యం, తమవంటివారికి కూడా తలుపు తెరిచే ఒక వేశ్యాగృహం. పుట్టుకతోనే కీళ్లు బిగుసుకుపోయిన స్థితిలో బ్రిటన్‌లో జీవించిన ఆస్టా ఫిల్‌పాట్ చేసిన ఇటువంటి ప్రయాణమే ఈ కథకు ప్రేరణ. ఆ ఏడాది మాంట్రియల్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి దీనికే దక్కింది.

రోడ్ మూవీ అంటే కథ అంతా ప్రయాణంగానే సాగుతూ, చేరవలసిన చోటు కన్నా దారిలో తోటివారి మధ్య పుట్టే పేచీలకూ చనువుకూ ప్రాధాన్యమిచ్చే చిత్రం. బ్లాక్ కామెడీ అంటే చావు, రోగం, అవమానం వంటి, నలుగురిలో నవ్వకూడదనుకునే సంగతుల నుంచే నవ్వు పుట్టించే ప్రక్రియ. ఈ రెండూ కలిసినప్పుడు ఇల్లు వదలడమే కథకు కీలకమవుతుంది. ఈ చిత్రంలో తల్లిదండ్రులు దుర్మార్గులు కారు. కొడుకులకు స్నానం చేయించి, అన్నం తినిపించి, రాత్రిళ్లు లేచి పక్క మార్చే మనుషులు. అయితే అంత ప్రేమ ఉన్న ఇంట్లో గడియ వేసుకునే తలుపంటూ ఉండదు, కోరికను ఎవరికీ తెలియకుండా దాచుకునే మూల కూడా ఉండదు. లార్స్ ఆరోగ్యం దిగజారిందని తెలిసి పెద్దలు వద్దన్న తరువాత ఆ ముగ్గురూ దొంగతనంగా బయలుదేరడంలోని న్యాయం అక్కడే ఉంది. శత్రువును ఎదిరించి వెళ్లిపోయే నాయకుడి కథలు తెలుగువారికి కొల్లలుగా ఉన్నాయి గాని, తన ఒళ్లు తుడిచే తల్లి చేతి నుంచి తప్పించుకోవలసి వచ్చే నాయకుడి కథ అంత తేలికగా దొరకదు.

వ్యాను నడిపే క్లోద్ పాత్ర దగ్గర చిత్రం మరింత చిక్కబడుతుంది. ఆమె భారీకాయురాలు, ఫ్రెంచి మాట్లాడే స్త్రీ. నర్సుగానూ డ్రైవరుగానూ కుదురుతుంది. బెల్జియంలో డచ్, ఫ్రెంచి భాషల నడుమ సరిహద్దును 1960ల మొదట్లో చట్టమే గీసింది కనుక, ఆమెకు తమ భాష రాదన్న ధీమాతో ఫిలిప్ ఆమె ఒళ్లును గురించి ఆమె ఎదుటే నోటికి వచ్చినట్లు మాట్లాడతాడు. ఆమెకు అంతా అర్థమవుతోందని తరువాత బయటపడుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కునగరం భిలాయి, దాని దగ్గరి కుమ్హారిల తెలుగు పాఠకులకు ఈ సన్నివేశాన్ని వివరించనక్కరలేదు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో మొదలై, 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిన ఆ ఉక్కు కర్మాగారం చుట్టూ ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవారు బెంగాలీ, ఒడియా, మలయాళ, ఛత్తీస్‌గఢీ కుటుంబాల పక్కన క్వార్టర్లలో తరాలు గడిపారు. పక్కవాడికి తెలుగు రాదనుకుని అతని గురించే మాట్లాడి నాలుక కరుచుకోవడం అటువంటి ఊళ్లలో అరుదైన అనుభవం కాదు. ఇక్కడ దర్శకుడు సాధించింది చిన్న విషయం కాదు: వైకల్యం ఉన్నవాడు కూడా క్రూరుడు కాగలడనీ, అవమానం పడ్డవాడే మరొకరిని అవమానించగలడనీ చూపి, ఫిలిప్‌ను మామూలు మనుషుల జాబితాలో చేర్చాడు.

కదలలేనివాడు దారి చెబితే చూపులేనివాడు మోసుకుపోవడాన్ని మన శాస్త్రాలు పంగ్వంధన్యాయం అన్నాయి. సాంఖ్యదర్శనం పురుషుడికీ ప్రకృతికీ గల సంబంధాన్ని ఈ పోలికతోనే చెప్పింది. ఫిలిప్, యోజెఫ్‌ల జోడీ ఆ న్యాయాన్ని గుర్తుచేస్తుంది గాని, శాస్త్రంలోని గుడ్డివాడూ కుంటివాడూ ఒకరినొకరు తిట్టుకోరు, స్త్రీని కోరుకోరు, పని పూర్తికాగానే విడిపోతారు. తెలుగు సినిమా చాలాకాలం ఈ ఉపమానపు మనుషులనే చూపింది. కె. విశ్వనాథ్ 'సిరివెన్నెల'లో (1986) చూపులేని వేణుగాన విద్వాంసుడు, మాటలేని చిత్రకారిణి ఎంత హుందాగా ఉన్నా, వారి లోపానికి పరిహారంగా కళ ఇవ్వబడింది. మరోవైపు నత్తినీ చెవుడునీ హాస్యపు ట్రాకుకు వాడుకునే అలవాటు వందల చిత్రాల్లో నిరాటంకంగా సాగింది. ఒకచోట నమస్కారం, మరోచోట వెక్కిరింత; రెండింటిలోనూ నవ్వే హక్కు ప్రేక్షకుడిదే. వంశీ పైడిపల్లి 'ఊపిరి' (2016) ఫ్రెంచి మూలాన్ని అనుసరించి ఈ హక్కును కొంతవరకు కుర్చీలోని మనిషికి అప్పగించింది. అయితే అతడు కోటీశ్వరుడు కావడం వల్ల, డబ్బుతో కొనలేనిది తక్కువైన ప్రపంచంలో అతని కష్టం సగం తేలికైంది. పొంతనలేని జంట ప్రయాణానికి తెలుగులో మంచి ఉదాహరణ క్రిష్ తీసిన 'గమ్యం' (2008): డబ్బున్న యువకుడి వెంటబడిన బైకు దొంగ గాలి శీను నవ్విస్తూ వచ్చి, చివరికి చనిపోతాడు. సాటివాడికి బుద్ధి నేర్పడం కోసమే అతడు మరణించవలసి రావడం మాత్రం పాత అలవాటే.

ఉక్కునగరానికి ఈ చర్చలో సొంత వాటా ఉంది. భిలాయిలో రంగస్థల కుటుంబంలో పుట్టిన అనురాగ్ బసు తీసిన 'బర్ఫీ!' (2012), మాట వినలేని, పలకలేని యువకుడినీ ఆటిజం ఉన్న యువతినీ కలిపి ప్రయాణం చేయించింది. తెలుగు తెరకు చిరపరిచితురాలైన ఇలియానా అందులో మూడో కోణం. ఆ ఏడాది ఆస్కారుకు భారతదేశం పంపిన చిత్రమూ అదే. మూకీ చిత్రాల హాస్యాన్ని బసు నేర్పుగా వాడుకున్నాడు, అయినా బర్ఫీకి నోరు లేకపోవడం దర్శకుడికి సౌకర్యంగా మారిందనిపిస్తుంది, ఎందుకంటే ఫిలిప్ లాగా అసహ్యంగా మాట్లాడే అవసరం ఆ పాత్రకు ఎన్నడూ రాదు.

ఫ్లెమిష్ చిత్రం మీద అభ్యంతరాలు లేకపోలేదు. ముగ్గురు ప్రధాన నటులూ వైకల్యం లేనివారే. స్వేచ్ఛకు గుర్తుగా వేశ్యాగృహాన్ని నిలిపినప్పుడు, ఆ ఇంట్లో పనిచేసే స్త్రీల స్వేచ్ఛ ప్రశ్నగానైనా రాదు. యోజెఫ్ ఆ ఇంట్లోకి వెళ్లక క్లోద్ వైపు తిరగడం ఈ రెండో లోటును కొంత పూడుస్తుంది, మొదటిది అలాగే మిగిలింది.

ఈ ముగ్గురూ రాయపూర్, భిలాయిల మధ్య, ఖారున్ నదికి ఈవల ఉన్న కుమ్హారిలో పుట్టి, హౌరా–ముంబయి మార్గం మీది ఆ చిన్న స్టేషను నుంచి బయలుదేరారని ఊహిస్తే, వారి కథను రైల్వే రాయితీల నిబంధనలే సగం రాసిపెట్టాయి. పూర్తిగా చూపు లేనివారు ఒంటరిగానైనా, తోడుతోనైనా స్లీపరు తరగతిలో 75 శాతం రాయితీ పొందవచ్చు. కొంత చూపు మిగిలిన యోజెఫ్ ఆ 'పూర్తిగా' అన్న మాట దగ్గరే ఆగిపోవచ్చు. ఫిలిప్ తోడు లేకుండా ప్రయాణించలేనని వైద్యుడి చేత ధ్రువీకరణ తేవాలి, ఆ తోడుకు కూడా రాయితీ ఉంటుంది. అంటే ఒంటరిగా వెళ్లగలిగిన రోజున రాయితీ పోతుంది. క్యాన్సర్ రోగులకు స్లీపరులో టిక్కెట్టు పూర్తిగా ఉచితమే, అయితే చికిత్సకో పరీక్షకో వెళ్లేటప్పుడు మాత్రమే. లార్స్‌కు స్పెయిన్ సంగతి అటుంచి, స్నేహితులతో కలిసి నాగపూర్‌లో నారింజతోటలు చూడడానికి కూడా అది వర్తించదు.